ఎర్ర కాయిల్స్‌తో పవర్ పెరుగుతుందంటే నమ్మకండి: నా 11,200 పోయాయి

బెంగళూరులో పెట్రోల్ కారున్న మనవాళ్లకు ఒక మాట. జేసీ రోడ్డులో గానీ ఇంకెక్కడైనా గానీ "ఇగ్నిషన్ కాయిల్స్ మార్చండి సార్, ఇంజిన్ పవర్ పెరుగుతుంది" అని ఎవరైనా అంటే వెంటనే అక్కడి నుంచి కదలండి. నేను కదల్లేదు. ప్లగ్గుల్లో నిప్పురవ్వకి కరెంటు అందించే ఈ కాయిల్స్ నాలుగింటికి 9,600, ప్లగ్గులు, ఫిట్టింగ్ కలిపి మొత్తం 11,200 కట్టాను. ఆరు వారాలు తిరక్కముందే, అమ్మను ఎక్కించుకుని అనంతపురం వెళ్తూ హైవే పక్కన పడిగాపులు పడ్డాను.

నాది తొమ్మిదేళ్ల హ్యాచ్‌బ్యాక్, 1.2 లీటర్ పెట్రోల్. నలుగురు ఎక్కి ఏసీ వేస్తే హెబ్బాళ ఫ్లైఓవర్ ఎక్కడానికి మూలుగుతుంది. ఆ రోజు షాపుకి వెళ్లింది వైపర్ బ్లేడ్ల కోసం. కౌంటర్లో ఉన్న కుర్రాడు నా ఫోన్ మాటలు విని "మీదే ఊరు సార్? మాది మదనపల్లె" అన్నాడు. అక్కడే పడిపోయాను. పరాయి ఊళ్లో తెలుగు వినిపిస్తే చాలు, బేరం ఆడటం కూడా మర్చిపోతాం కదా.

కౌంటర్ మీద ఒక డబ్బా పెట్టారు. దాంట్లో రెండు స్పార్క్ ప్లగ్గులు. ఒకటి కంపెనీ కాయిల్‌కి, రెండోది వాళ్లు అమ్మే ఎర్ర కాయిల్‌కి తగిలించి ఉన్నాయి. స్విచ్ నొక్కితే మొదటిదాంట్లో సన్నటి నారింజ రంగు నిప్పురవ్వ, రెండోదాంట్లో చిటపటమంటూ లావుపాటి నీలి మెరుపు. "చూశారుగా సార్, 45 వేల వోల్టులు! 10, 15 హార్స్‌పవర్ గ్యారంటీ. మైలేజీ కూడా రెండు మూడు కిలోమీటర్లు పెరుగుతుంది." ఆ రెండింటికీ వైర్లు ఒకే చోట నుంచి వస్తున్నాయా అని డబ్బా వెనక్కి తొంగి చూడాలన్న ఆలోచన కూడా రాలేదు నాకు.

గంటలో బిగించేశారు. టెస్ట్ డ్రైవ్‌లో బండి నిజంగానే చురుగ్గా పోయింది. ఎందుకో తర్వాత అర్థమైంది. కాయిల్స్‌తో పాటు అరిగిపోయిన నా పాత ప్లగ్గులు తీసి కొత్తవి వేశారు. ఇంజిన్‌లోకి గాలి పోయే థ్రోటల్ బాడీని స్ప్రే కొట్టి కడిగారు. ఎయిర్ ఫిల్టర్ దుమ్ము దులిపారు. పైగా టెస్ట్ డ్రైవ్ అంతా ఏసీ ఆఫ్! ఆ మూడు పనులూ ఏ మామూలు సర్వీసులో చేయించినా బండి అలాగే పోయేది. నేను మాత్రం మురిసిపోయి ఆఫీసులో ఇద్దరికి ఆ షాపు పేరు కూడా చెప్పాను. ఇది రాయడానికి అదొక కారణం.

ఇక హైవే సంగతి. బాగేపల్లి దాటాక స్పీడోమీటర్ పక్కన ఇంజిన్ లైటు మిణుకు మిణుకుమంది. బండి చలిజ్వరం వచ్చినట్టు వణకడం మొదలుపెట్టింది. వెనక సీట్లోంచి అమ్మ "ఏం నాయనా, ఎద్దు కుంటినట్టుందే" అంది. ఆ లైటు ఆరకుండా వెలుగుతుంటే వీలు చూసుకుని మెకానిక్‌కి చూపించవచ్చు. ఆరుతూ వెలుగుతూ ఉంటే మాత్రం మిస్‌ఫైర్ (సిలిండర్‌లో పెట్రోలు సరిగ్గా మండకపోవడం) గట్టిగా ఉన్నట్టు, కాలని పెట్రోలు నేరుగా సైలెన్సర్ దారిలోకి పోతున్నట్టు. అది పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లో మండి, లోపలి తేనెపట్టులాంటి పింగాణీని కరిగించేస్తుంది. అప్పుడు నాకది తెలియదు. కొడికొండ చెక్‌పోస్టు దాకా అలాగే లాగించాను.

అక్కడి షెడ్డులో మెకానిక్ స్కానర్ పెడితే పీ0303 వచ్చింది. అంటే మూడో సిలిండర్‌లో మిస్‌ఫైర్. "ఉండన్నా, కాయిలా ఇంకోటా తేల్చుకుందాం" అని మూడో కాయిల్ తీసి ఒకటో సిలిండర్‌కి, ఒకటోది మూడోదానికి మార్చి, కోడ్ చెరిపి మళ్లీ స్టార్ట్ చేశాడు. ఈసారి పీ0301. జబ్బు కాయిల్ వెంటే పోయింది. ఆ కాయిల్ కింది రబ్బరు గొట్టం చీల్చి చూపించాడు. లోపల పెన్సిల్‌తో గీసినట్టు పైనుంచి కిందకి సన్నటి నల్ల గీత. కరెంటు ప్లగ్గు దాకా పోకుండా ఆ గీత వెంట ఇంజిన్ బాడీలోకి కారిపోతోందట. ఎర్ర స్టిక్కర్ వేడికి ఊడి వస్తే దాని కింద కంపెనీ పేరు లేదు, పార్ట్ నంబరు లేదు.

హిందూపురం నుంచి బైక్ మీద కంపెనీ కాయిల్ ఒకటి తెప్పించి వేశాడు. ఖాళీగా కూర్చున్న ఆ రెండు గంటల్లోనే నాకు అసలు సంగతి చెప్పాడు. కాయిల్ పని బ్యాటరీ 12 వోల్టులను వేల వోల్టులకు పెంచడం. కానీ ఎంత వోల్టేజీ కావాలో తేల్చేది కాయిల్ కాదు, ప్లగ్గు కొనల మధ్య గ్యాపూ సిలిండర్లో ఒత్తిడీ. మామూలు ఇంజిన్‌కి ఏ 10 వేలకో 20 వేలకో రవ్వ దూకేస్తుంది, వోల్టేజీ అక్కడితో ఆగుతుంది. కాయిల్‌కి 45 వేల శక్తి ఉన్నా మిగతాది అక్కరకు రాదు. గ్యాస్ స్టవ్‌ను అగ్గిపుల్లతో వెలిగించినా కాగడాతో వెలిగించినా మంట నాబ్ తిప్పినంతే కదా. ఇంజిన్లో పవర్ ఇచ్చేది లోపలికి పోయే గాలీ పెట్రోలూ.

మరి కాయిల్ మార్చాక నిజంగా పవర్ వచ్చిందనేవాళ్లు? పాత కాయిల్ చచ్చిపోతూ ఉండి ఉంటుంది. మంచిది వేస్తే పోయిన పవర్ తిరిగొస్తుంది, కొత్తగా పుట్టదు. టర్బో బూస్ట్ (ఇంజిన్‌లోకి గాలిని తోసే ఒత్తిడి) బాగా పెంచిన బండ్లలో రవ్వ ఆరిపోతుంటే బలమైన కాయిల్స్ వాడతారు, అది వేరే లెక్క. ఇంకో ప్రమాదం కూడా ఉంది. కాయిల్‌కి ఎంతసేపు కరెంటు ఇవ్వాలో ఈసీయూ, అంటే ఇంజిన్ కంప్యూటర్, చూసుకుంటుంది. రెసిస్టెన్స్ తక్కువున్న కాయిల్ తగిలిస్తే ఎక్కువ కరెంటు లాగి ఈసీయూలో కాయిల్‌ని నడిపే సర్క్యూట్‌నే కాల్చేయవచ్చు.

తిరిగొచ్చి షాపుకి వెళ్తే "ఎలక్ట్రికల్ ఐటమ్‌కి వారంటీ ఉండదు సార్" అన్నారు. ఈసారి అంతా కన్నడంలోనే. బిల్లు చూపిద్దామని తీస్తే అది బిల్లే కాదు, జీఎస్టీ నంబరు లేని ఎస్టిమేట్ చీటీ. యూపీఐ డబ్బు ఎవరిదో సొంత ఖాతాకి పోయింది. నా పాత కాయిల్స్ ఏవంటే స్క్రాప్‌లో వేశామన్నారు. వాటికి అప్పట్లో ఆ చీటీలో 400 తగ్గించారు. బాగా పనిచేస్తున్న నాలుగు ఒరిజినల్ కాయిల్స్‌కి నాలుగొందలు! కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి చీటీ, యూపీఐ స్క్రీన్‌షాట్ ఇచ్చాను. ఇంకా ఏమీ తేలలేదు.

మీరెవరైనా ఇప్పటికే ఇలాంటివి వేయించి ఉంటే, పాతవి షాపులోనే ఉంటే ఈరోజే వెళ్లి అడగండి. ఇంట్లో ఉంటే పారేయకండి, డిక్కీలో పెట్టుకోండి. నాకు మిగతా మూడు కంపెనీ కాయిల్స్ కొనడానికి ఇంకో 5,400 అయ్యింది. కన్వర్టర్ దెబ్బతిందో లేదో వచ్చే వారం సర్వీసులో తెలుస్తుంది. ఎర్రవి నాలుగూ నా దగ్గరే ఉన్నాయి, ఎవరైనా ఊరికే ఇమ్మన్నా ఇవ్వను.