గోడకెక్కిన జంపఖానా: ఆరేళ్ల తర్వాత

"కాళ్ల కింద వేసుకునేదాన్ని గోడకి తగిలిస్తావేంట్రా?" అంది అమ్మ. 2019లో వరంగల్ కొత్తవాడలో నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవున్న నూలు జంపఖానా కొని హైదరాబాద్ తార్నాకలోని మా ఫ్లాట్‌కి తెచ్చిన రోజు మాట ఇది. 1851లోనే వరంగల్ తివాచీల్ని లండన్‌లో ప్రదర్శనకి పెట్టారమ్మా అంటే, "చూసినవాళ్లు ఇంటికెళ్లి నేల మీదే పరుచుకుని ఉంటార్లే" అని కొట్టిపారేసింది.

ఆరేళ్లుగా అదే గోడ మీద ఉంది. నేతలో నాకు వంక దొరకలేదు. పడ్డ తిప్పలన్నీ నేను తగిలించిన తీరు వల్లే.

మొదట పై అంచున రెండు మూలల్లో రింగులు కుట్టి మేకులకి వేలాడదీశాను. నెల తిరక్కుండా మధ్యభాగం ఉయ్యాలలా కిందికి జారింది, మూలలు మేక చెవుల్లా సాగాయి. బరువంతా రెండు చోట్లే పడితే ఇంకేమవుతుంది! లంగాకి బొందు దూర్చే మడత ఉంటుంది చూడండి, అలాంటిది నాలుగంగుళాల కాటన్ గుడ్డతో వెనకవైపు వెడల్పంతా కుట్టించాలనుకున్నా. టైలరేమో మిషన్ సూది విరుగుతుందన్నాడు. ఆఖరికి అమ్మే దబ్బనం తీసుకుని రెండు మధ్యాహ్నాలు కూర్చుంది. ఒక్కో కుట్టులో రెండు మూడు పడుగు పోగులు (నేతలో నిలువు దారాలు) పడేలా కుట్టింది, పైకి దారం కనబడదు. అందులో కర్టెన్ రాడ్ దూర్చాం. పడుగు నిలువుగా ఉండేలా వేలాడదీశాం, బరువు మోసేది ఆ పోగులే కాబట్టి. అప్పట్నుంచి అంగుళం కూడా సాగలేదు.

రెండో తప్పు ఎండ. మా హాలు పడమటి బాల్కనీ వైపు ఉంటుంది. మూడేళ్లకి చూస్తే, కర్టెన్ చాటున ఉన్న పట్టీ ఎర్రగా మిరపపండులా ఉంది, మిగతాదంతా ఇటుక రంగుకి దిగింది. మధ్యలో స్కేలుతో గీసినట్టు గీత. అయితే ఇది ఇంటర్‌లాక్ నేత. రంగు మారే చోట పక్కపక్క పేక పోగులు (అడ్డం దారాలు) ఒకదానికొకటి మెలిక వేసుకుంటాయి, కాబట్టి రెండు వైపులా బొమ్మ ఒకేలా ఉంటుంది. గుడ్డ విప్పి రెండోవైపు కుట్టుకుని తిప్పేశాం. అచ్చు వేసిన రకం కొంటే ఈ సౌకర్యం ఉండదు. గోడకే అనుకుంటే నేసిన డిజైన్ తీసుకోండి. వరంగల్ దర్రీలకి, అంటే ఈ జంపఖానాలకే, 2018లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు కూడా వచ్చింది, కొనేటప్పుడు అడగండి.

మా గోడ వెనక బాత్రూం. 2020 అక్టోబర్ వానలకి జంపఖానా వెనక చెమ్మ చేరి, ముతక వాసన. రాడ్ బ్రాకెట్లని రెండంగుళాలు ముందుకి జరిపితే గాలి ఆడింది, వాసన పోయింది. ఆ సందులో బల్లి కాపురం పెట్టింది. దానికి మందు నాకు తెలీదు.

గదిలో ప్రతిధ్వని కూడా తగ్గింది. వట్టి టైల్సు, వట్టి గోడలతో ఫోన్ మాట్లాడితే బావిలోంచి మాట్లాడినట్టుండేది, ఇప్పుడు లేదు. కానీ పైఫ్లాట్ వాళ్ల డ్రిల్లింగ్ మాత్రం యథాతథంగా వినిపిస్తుంది. ప్రతిధ్వనిని మింగుతుందే తప్ప అవతలి చప్పుడుని ఆపలేదు.

ఈ ఊపులో మావయ్య ఇచ్చిన ఏలూరు ఉన్ని తివాచీని కూడా ఎక్కించబోయాను. ముళ్లు వేసిన ఉన్ని, ఎంత బరువంటే ఒక్క రాత్రికే గోడలో బిగించిన ప్లగ్గులు ఊడి సున్నంతో సహా కిందికొచ్చింది. పైగా ఉన్నికి చిమ్మట పట్టే టెన్షన్. దాన్ని నేల మీదే ఉంచాం.

శుభ్రానికి పెద్ద పనేం లేదు. దసరాకి, సంక్రాంతికి రాడ్ లాగేసి, మేడ మీద తీగకి వేసి కర్రతో దులుపుతాం.

రాడ్ ఇంత సులువుగా వస్తుందని అమ్మ కనిపెట్టింది. కిందటి కార్తీకంలో సత్యనారాయణ వ్రతానికి చాపలు చాలలేదని, నేను పూలు తెచ్చేలోపు దాన్ని దించి పేరంటాళ్లకి పరిచేసింది. మర్నాడు మళ్లీ ఎక్కించాను. కింది అంచున పసుపు మరక ఇంకా ఉంది.