పదమూడేళ్ల ఎస్‌యూవీ, ఐదేళ్ల గ్యాస్: బెంగళూరులో నా అనుభవం

ఏప్రిల్ నెల, మిట్టమధ్యాహ్నం. ఎల్‌పీజీ కిట్ పెట్టించిన నా పెట్రోల్ బండిలో చిత్తూరు వెళ్తున్నాం. కోలారు దాటాక బండి పక్కకు తీసి బానెట్ ఎత్తితే గ్యాస్ కిట్‌లోని రెడ్యూసర్ అనే భాగం మీద తెల్లగా మంచు పేరుకుని ఉంది. బయట ఎండ మండిపోతోంది. ఆ మంచును వేలితో గీస్తే ఫ్రీజర్‌లో ఐస్ గీకినట్టు పొడి రాలింది. అంతకు ముందు పది నిమిషాలుగా యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా బండి కుదుపుతోంది. వెనక సీట్లో అమ్మ ఉంది. స్విచ్ నొక్కి పెట్రోల్‌కి మార్చాను, కుదుపు పోయింది. టెంపరేచర్ ముల్లు కూడా మామూలుగానే ఉంది. గ్యాస్ కిట్ పోయిందనుకుని చిత్తూరు దాకా పెట్రోల్ మీదే వెళ్లాను.

సోమవారం బెంగళూరులో మా మెకానిక్ చూశాడు. మదనపల్లె మనిషి, ఈ ఊళ్లో ఇరవై ఏళ్లుగా ఉన్నాడు. రెడ్యూసర్‌కి వెళ్లే రెండు హోస్‌లూ పట్టుకోమన్నాడు. ఒకటి చెయ్యి పెట్టలేనంత వేడి. రెండోది చల్లగా ఉంది.

"గ్యాస్‌ది ఏం తప్పు లేదు సార్. నీళ్లే తిరగడం లేదు. దీన్ని ఎత్తులో పెట్టినారు కదా, రేడియేటర్‌లో నీళ్లు తగ్గితే గాలి ముందు దీంట్లోనే చేరతాది."

ట్యాంక్‌లో ద్రవంగా ఉన్న ఎల్‌పీజీ రెడ్యూసర్‌లో ఆవిరిగా మారుతుంది. అలా మారడానికి వేడి కావాలి, ఆ వేడి ఇంజిన్‌ని చల్లబరుస్తూ తిరిగే నీళ్ల (కూలెంట్) నుంచి వస్తుంది. మా రేడియేటర్ ప్లాస్టిక్ భాగం అతుకు దగ్గర సన్నగా చీలి, కూలెంట్ బొట్టుబొట్టుగా పోతోంది. కింద మరక కూడా పడలేదు. పెట్రోల్ మీదే నడిపి ఉంటే ఇంకో నెల తెలిసేది కాదు, ఆ తర్వాత ఏ మొగిలి ఘాట్‌లోనో ఇంజిన్ ఉడికిపోయేది. మంచు గడ్డ కట్టడం వల్లే ఇంజిన్ దక్కింది.

ఈ బండితో నేను నేర్చుకున్నదంతా అక్కడ మొదలైంది. పాత బండికి గ్యాస్ పెట్టాక వచ్చే ప్రతి ఇబ్బందినీ గ్యాస్ మీదకు నెట్టేస్తాం. నా లెక్కలో నాలుగింట మూడు సార్లు తప్పు బండి వయసుది. పెట్రోల్ ఆ తప్పును కొంతకాలం కప్పిపెడుతుంది, గ్యాస్ కప్పిపెట్టదు.

బండి సంగతి: 2012 మోడల్, 2.4 లీటర్ల పెట్రోల్ ఇంజిన్, ఆటోమేటిక్, లెదర్ సీట్లు, సన్‌రూఫ్. 2019లో 84,000 కిలోమీటర్ల దగ్గర సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. మరుసటి ఏడాది సీక్వెన్షియల్ గ్యాస్ కిట్ (ఒక్కో సిలిండర్‌కి విడిగా గ్యాస్ ఇచ్చేది) పెట్టించాను. ఇప్పుడు మీటర్ 1,58,000. కొత్తదైతే నా జీతానికి అందే బండి కాదు. అమ్మ మోకాళ్లకు ఆ సీటు ఎత్తు సరిగ్గా సరిపోతుంది, చిత్తూరు వెళ్లొచ్చినా నడుము నొప్పి అనదు. నాకు అదే పెద్ద విషయం.

మైలేజీ విషయంలో ఆశలు పెట్టుకోకండి. సిల్క్ బోర్డ్ ట్రాఫిక్‌లో పెట్రోల్ మీద లీటరుకు 7 కిలోమీటర్లు వచ్చేది, గ్యాస్ మీద 5.6 వస్తోంది. లీటరు లెక్కన ఎల్‌పీజీలో శక్తి తక్కువ, కాబట్టి ఈ తేడా ఏ ట్యూనింగ్‌తోనూ పోదు. ధర తక్కువ కాబట్టి గిట్టుతోంది. కిలోమీటరుకు మూడు రూపాయల పైచిలుకు మిగిలింది. ఐదేళ్లలో ఇంధనం మీద సుమారు లక్షా ఎనభై వేలు ఆదా అయింది. అందులో కిట్‌కి 52,000, ఫిల్టర్లు, గ్యాస్ ఇంజెక్టర్లు, రెడ్యూసర్ రిపేరు, ట్యాంక్ పరీక్ష కలిపి మరో 34,000 పోయాయి. నెలకు ఐదారు వందల కిలోమీటర్లు కూడా తిరగనివాళ్లు ఈ జోలికి రావద్దు.

ఇక మొగిలి ఘాట్. చిత్తూరు నుంచి తిరిగి వస్తూ పలమనేరు వైపు ఎక్కేటప్పుడు ఇంజిన్ ఒక సిలిండర్ వదిలేసినట్టు కొట్టుకునేది. గ్యాస్ మీద మాత్రమే, అదీ ఎక్కుడులో మాత్రమే. మొదట కిట్ పెట్టినవాళ్ల దగ్గరికి వెళితే ల్యాప్‌టాప్ తగిలించి గ్యాస్ పాళ్లు పెంచారు. రెండు వారాలు బాగుంది, మళ్లీ మొదలైంది. ఇంకోసారి పెంచారు. ఇంజెక్టర్లు మార్చమన్నారు, మార్చాను, 14,000 అయింది. ఆ డబ్బు తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

చివరికి, ఇంజిన్ కంప్యూటర్‌లో నమోదైన తప్పుల కోడ్‌లు చదివే బ్లూటూత్ ఓబీడీ రీడర్ ఒకటి కొన్నాను, వెయ్యి రూపాయల లోపే దొరికింది. కోడ్ పీ0302, అంటే రెండో సిలిండర్‌లో మిస్‌ఫైర్, ఇంధనం సరిగా మండడం లేదు. రెండో సిలిండర్ ప్లగ్గుకి కరెంటు ఇచ్చే ఇగ్నిషన్ కాయిల్ తీసి మూడోదానికి, మూడోది రెండోదానికి పెట్టి, కోడ్ చెరిపేసి ఒక ఫ్లైఓవర్ గట్టిగా ఎక్కించాను. ఈసారి పీ0303 వచ్చింది. కాయిల్‌తో పాటే మిస్‌ఫైర్ కూడా మూడో సిలిండర్‌కి మారింది, అంటే తప్పు ఆ కాయిల్‌దే. గ్యాస్ మిశ్రమాన్ని రగిలించడానికి స్పార్క్‌కి ఎక్కువ వోల్టేజీ కావాలి, అందులోనూ ఎక్కుడులో ఇంజిన్ మీద భారం పడినప్పుడు. పెట్రోల్‌కి చాలే ముసలి కాయిల్ గ్యాస్‌కి చాలలేదు. జేసీ రోడ్‌లో కొత్త కాయిల్ తెచ్చుకుని, ప్లగ్గులు కూడా మార్చేశాను. ఘాట్ ఇప్పుడు ఏసీ వేసుకుని ఎక్కుతున్నాను.

అందుకే మీ బండి గ్యాస్ మీద సతాయిస్తే ముందు రెండు రోజులు పెట్రోల్ మీదే నడిపి, రీడర్‌లో ఫ్యూయల్ ట్రిమ్ చూడండి, ఇంజిన్ కంప్యూటర్ ఇంధనాన్ని ఎంత శాతం పెంచుతోందో, తగ్గిస్తోందో అది చెబుతుంది. పెట్రోల్ మీదే అది ప్లస్ పది దాటి ఉంటే ఎక్కడో గాలి లీకో, సెన్సర్ తేడానో ఉంది. అది బాగు చేయకుండా గ్యాస్ ట్యూనింగ్ ముట్టనివ్వొద్దు. ట్యూనింగ్ కూడా షెడ్‌లో ఐడిల్ మీద చేస్తే చాలదు, ట్యూనింగ్ చేసేవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని రోడ్డు మీద చేయించుకోవాలి.

వాల్వుల గురించి మాత్రం గ్యాస్‌ని వెనకేసుకురాను. మా ఇంజిన్‌లో వాల్వ్ క్లియరెన్స్ (వాల్వుకీ దాన్ని నొక్కే భాగానికీ మధ్య ఉండే సందు) చేత్తో సరిచేయాల్సిందే. గ్యాస్ మీద ఎగ్జాస్ట్ వాల్వులు ఆనుకునే సీట్లు త్వరగా అరుగుతాయి, అరిగేకొద్దీ సందు తగ్గుతుంది. వాల్వుల దగ్గర టకటకమనే ట్యాపెట్ చప్పుడు తగ్గి ఇంజిన్ మెత్తగా వినిపిస్తుంటే నేను సంతోషించాను. అసలు భయపడాల్సింది అప్పుడే. పొద్దున్నే స్టార్ట్ చేస్తే ఐడిల్ వణికేది, వేడెక్కాక సర్దుకునేది. 1,32,000 దగ్గర కవర్ విప్పి సందు కొలిచే ఫీలర్ గేజ్ పెడితే, 0.25 నుంచి 0.29 మిల్లీమీటర్లు ఉండాల్సిన చోట రెండు వాల్వులు 0.15కి వచ్చేశాయి. ఇంకొంత కాలం వదిలేస్తే వాల్వు పూర్తిగా మూసుకోక కాలిపోయేది. ఇప్పుడు ప్రతి 20,000 కిలోమీటర్లకు చూపిస్తున్నాను, ఫిల్టర్లు కూడా ఆ రోజే. గ్యాస్‌లోంచి వచ్చే నల్లటి జిడ్డు రెడ్యూసర్ అడుగున చేరుతుంది, అది కూడా అప్పుడే వంపేస్తారు.

పెట్రోల్ పావు ట్యాంక్ ఎప్పుడూ ఉంచుతాను. ట్యాంక్ లోపలి పెట్రోల్ పంపు చల్లబడేది ఆ పెట్రోల్‌తోనే. వారానికొకసారి కాసేపు పెట్రోల్ మీద నడిపితే పెట్రోల్ ఇంజెక్టర్లు జిడ్డు పట్టవు.

స్టెప్నీ ఉండే గుంటలో 50 లీటర్ల గుండ్రటి ట్యాంక్ కూర్చుంది, స్టెప్నీ డిక్కీలోకి వచ్చింది. ట్యాంక్‌లో 80 శాతమే నింపాలి, అంటే 40 లీటర్లు. బంకులో ఎక్కువగా ఆటోలే ఉంటాయి, పొద్దున ఆరింటికి వెళితే క్యూ ఉండదు. ఒకసారి డిక్కీలో వాసన వస్తే సబ్బు నురగ రాసి చూశాం, ట్యాంక్ వాల్వ్ దగ్గర జాయింట్‌లో బుడగలు లేచాయి. ఎల్‌పీజీ గాలి కంటే బరువు, లీకైతే కిందనే పరుచుకుంటుంది. మా అపార్ట్‌మెంట్ పార్కింగ్ బేస్‌మెంట్‌లో ఉంది, పక్కనే పిల్లలు సైకిళ్లు తొక్కుతుంటారు. అది బాగయ్యేదాకా బండిని రోడ్డు మీదే ఉంచాను. వంటగ్యాస్ సిలిండర్‌తో బండి నడిపేవాళ్లు ఇంకా ఉన్నారు. అది చట్టవిరుద్ధం, అంతకు మించి ఇంటిల్లిపాదికీ ప్రమాదం. దయచేసి ఆ పని చేయకండి. ఆర్‌సీలో ఎల్‌పీజీ అని ఎక్కించుకోండి, ఇన్సూరెన్స్‌లో కూడా కిట్ రాయించుకోండి.

2027లో ఆర్‌సీకి పదిహేనేళ్లు నిండుతాయి. రెన్యువల్ చేయించి నడపాలనే ఉంది. ఈలోగా సన్‌రూఫ్ నుంచి నీళ్లు కారే గొట్టం శుభ్రం చేయించాలి, ముందు సస్పెన్షన్ బుష్‌లు మార్చాలి. సంక్రాంతికి చిత్తూరు వెళ్లేలోపు ఆ రెండూ అయిపోవాలి.