అరకు ఘాట్‌లో పాత బుల్లెట్, వద్దన్నా పోసిన ఫుల్ సింథటిక్

అరకు బాగుంది, బొర్రా గుహలు బాగున్నాయి, బొంగు చికెన్ ఇంకా బాగుంది. రాయాలనిపించింది మాత్రం విశాఖలో మా బండికి పోసిన నూనె గురించి.

బండి 1994 బుల్లెట్, క్యాస్ట్ ఐరన్ ఇంజను. ఆయిల్ మార్చి మినరల్ (ముడిచమురు నుంచి తీసే మామూలు నూనె) 20డబ్ల్యూ-50 పొయ్యమని చెప్పి వర్క్‌షాపులో వదిలాను. సాయంత్రం బిల్లు 2,480. "ఫుల్ సింథటిక్ పోశాం సార్, ఇంజనుకి ప్రాణం" అన్నాడు మెకానిక్, అంటే ఫ్యాక్టరీలో రసాయనాలతో తయారుచేసే ఖరీదైన నూనె. ఖాళీ డబ్బా చూపించమంటే చెత్తలో వేశామన్నాడు. బొడ్డవరలో టీకి ఆగినప్పుడు మా బావమరిది బిల్లు విప్పి చదివితే తేలింది: 5డబ్ల్యూ-30, కార్ల ఆయిల్!

సింథటిక్ అయినందుకు కాదు నా కోపం. డబ్బా మీది రెండో అంకె వేడెక్కాక నూనె ఎంత చిక్కగా ఉంటుందో చెబుతుంది; 50 కంటే 30 పలచన. ఘాట్‌లో సెకండ్ గేర్‌లో ఎక్కుతుంటే ఇంజనుకి తగిలే గాలి తక్కువ, పుట్టే వేడి ఎక్కువ. పైగా ఆ కాలపు ఇంజన్లలో భాగాల మధ్య సందులు వదులు, పలచటి నూనె నిలవదు. అనంతగిరి దాటేసరికి ట్యాపెట్లు (వాల్వుల్ని తెరిచే భాగాలు) కుట్టుమిషన్‌లా టకటకలాడాయి, క్రాంక్‌కేస్ (ఇంజను కింది పెట్టె) అతుకు దగ్గర నూనె చెమర్చింది. కార్ల ఆయిల్ తగిలితే బైక్ క్లచ్ జారొచ్చు; మాది మాత్రం జారలేదు, ఈ మోడల్లో క్లచ్ ఉండే చైన్‌కేస్‌కి నూనె వేరు కాబట్టి. తర్వాతొచ్చిన యూసీఈ ఇంజన్లలో (ఇంజను, గేర్లు ఒకే పెట్టెలో ఉండేవి) క్లచ్‌తో సహా అన్నిటికీ ఒకటే నూనె; వాటికి జాసో ఎంఏ (బైక్ క్లచ్‌కి సరిపడే నూనె అని చెప్పే) గుర్తు లేని డబ్బా ముట్టుకోకండి.

లాడ్జి గది 1,800. వేడినీళ్లు వస్తాయి, దుప్పట్లు పలచన. పొద్దున లేచేసరికి బండి కింద నల్లటి మడుగు. టైల్స్ కడిగించాలని మేనేజరు 300 గుంజాడు. రాత్రంతా ఆయిల్ పంపు దాటి క్రాంక్‌కేస్‌లోకి దిగిన నూనెకి కిక్ రాయిలా బిగిసింది, స్టార్టయ్యాక ఒకటే నీలం పొగ. "బస్సులో పోదామన్నాను కదా బావా" అని బావమరిది మధ్యాహ్నం దాకా ముఖం ముడుచుకునే ఉన్నాడు.

అరకులో రేకుల షెడ్డు మెకానిక్ అంతా దింపేసి మినరల్ 20డబ్ల్యూ-50 పోశాడు. నూనె 950, కూలి 150. అడక్కుండానే డబ్బా నా చేతికిచ్చి సీలు చూసుకోమన్నాడు. దిగేటప్పుడు ట్యాపెట్ల గోల తగ్గింది.

20డబ్ల్యూ-50లో సింథటిక్ కూడా దొరుకుతుంది. కారని ఇంజను, ఎండలో దూరాలు తిరిగే బండి అయితే కొనండి, వేడికి బాగా తట్టుకుంటుంది. కారే పాత బుల్లెట్‌కి అంత ఖరీదు దండగ. మినరలే పోసి త్వరత్వరగా మార్చుకోవడం మేలు. ఏదైనా సరే, నూనె మీరే కొని తీసుకెళ్లి, పోసేదాకా పక్కనే నిలబడండి.