గడ్డపార, గొడ్డలి అరిగితే: కొట్టించడం మేలా, కొత్తది కొనడం మేలా?

ఎండలు ముదురుతూనే మా అంగడిలో ఒకటే ప్రశ్న. అరిగిన గడ్డపారనో గొడ్డలినో బల్ల మీద పెట్టి, "అన్నా, దీన్ని కొట్టించేదా, కొత్తది తీసుకునేదా?" అంటారు. అనంతపురం పల్లెల్లో ఉపాధి పనులు జోరుగా సాగేది ఈ కాలంలోనే. ఉపాధి హామీ పథకం మొదలైంది కూడా ఈ జిల్లాలోనే, 2006 ఫిబ్రవరి 2న, నార్పల మండలం బండ్లపల్లిలో. అప్పటి నుంచి కందకాలనీ, చెరువు పూడికనీ, నీటి కుంటలనీ గడ్డపారకు తీరిక లేదు. నేను కొత్తవి అమ్మేవాణ్ణి. మా నాయన కొలిమి పని చేసినవాడు. అందుకే రెండు వైపులా చూసి చెబుతున్నా.

నా మొగ్గు ముందే చెప్పేస్తా. కొలిమిలో కాలి, సమ్మెట దెబ్బలు తిని తయారైన మంచి పనిముట్టయితే కొట్టించుకోవడమే మేలు. కాకపోతే దాని మొనలోనో వాదరలోనో, అంటే కోసే అంచులోనో, ఇంకా ఉక్కు మిగిలి ఉండాలి. ఖరీదు, బరువు, చూపు అన్నీ దీని తర్వాతే.

ఎందుకంటే, పాత గొడ్డళ్లలో చాలావాటికి ఒళ్లంతా ఉక్కు ఉండదు. ఒళ్లు మెత్తని ఇనుము. వాదర దగ్గర మాత్రం ఉక్కు ముక్క పెట్టి కొలిమిలో అతికిస్తారు. మెత్తని ఒళ్లు దెబ్బ అదురును తట్టుకుంటుంది, కోసే పని ఉక్కు చేస్తుంది. ఇనుములో కర్బనం 0.25 శాతం లోపే ఉంటే ఎంత ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచినా అది గట్టిపడదు. లారీ కమాను పట్టీలో 0.5 నుంచి 0.6 శాతం దాకా ఉంటుంది. కమ్మర్లు పాత కమాను పట్టీలను వెతికి మరీ తెచ్చుకునేది అందుకే. ఏళ్ల తరబడి సాన పట్టగా పట్టగా వాదరలోని ఉక్కంతా అరిగిపోతే మిగిలేది ఉత్త ఇనుము. దానికి పొద్దున పెట్టిన పదును మధ్యాహ్నానికి ఉండదు. కమ్మరి సరిగ్గా చేయలేదని తిట్టుకుంటారు గానీ, లేని ఉక్కుకు పదును ఎవరు పెట్టగలరు?

ఉక్కు ఉందో లేదో ఇంట్లోనే చూసుకోవచ్చు. వాదర మీద ఆకురాయి పెట్టి లాగండి. జారిపోతే ఉక్కు ఉంది, పదునూ (కాల్చి నీళ్లలో ముంచితే వచ్చే గట్టితనం) ఉంది, సాన పడితే చాలు. ఆకురాయి పట్టుకుని పొడి రాలితే ఇక రెండే దారులు: ఉక్కు అయిపోయి ఉండాలి, లేదా ఉక్కు ఉండి పదును దిగిపోయి ఉండాలి. అది తేలాలంటే గ్రైండర్‌కు ఒక్క క్షణం తాకించి రవ్వలు చూడాలి. మెత్తని ఇనుము రవ్వలు పొడుగ్గా, చీలకుండా పోతాయి. ఉక్కు రవ్వలు కొసన చీలి పువ్వుల్లా విచ్చుకుంటాయి.

రవ్వ విచ్చుకుందంటే కొత్తది కొనొద్దు, ఆ గొడ్డలికి ఇంకా చాలా ఆయుష్షుంది. దానికి పదును దిగడానికి మామూలుగా కారణం గ్రైండరే. వెల్డింగ్ షాపులో రెండు నిమిషాల్లో మెరిపించి ఇస్తారు, చూడటానికి అద్దంలా ఉంటుంది. కానీ వాదర నీలం రంగుకు తిరిగిందంటే అక్కడ వేడి 300 డిగ్రీలకు చేరిందని అర్థం. అంతకు మించి కాలితే పదును దిగిపోతుంది. ఇక మళ్లీ కొలిమికి పోవాల్సిందే.

కొలిమిలో జరిగే పని వేరు. వాదరను కాల్చి, దాగలి (ఇనుప దిమ్మె) మీద కొట్టి సాగదీసి పలచన చేస్తారు. అరిగి మొద్దుబారిన చోటికి వెనక ఉన్న లోహం ముందుకొస్తుంది. తర్వాత చెర్రీపండు ఎరుపు వచ్చేదాకా, అంటే 800 డిగ్రీల దగ్గరికి కాల్చి, వాదరను మాత్రం అంగుళం లోతున నీళ్లలో ముంచి తీస్తారు. ఆ వేడిలో అయస్కాంతం కూడా అంటుకోదు. ఇక్కడే పనితనం తెలిసేది. వెనక ఒంట్లో మిగిలిన వేడి నెమ్మదిగా వాదర వైపు పాకుతుంది. రుద్ది తేటపరిచిన లోహం మీద ముందు లేత పసుపు, ఆ తర్వాత గోధుమ, ఊదా, నీలం రంగులు వరుసగా నడుస్తాయి. గొడ్డలికి ఊదా, గడ్డపారకు నీలం రాగానే మొత్తం ముంచేయాలి. పసుపులోనే ఆపితే గట్టిగా ఉంటుంది గానీ రాయి తగిలితే చిట్లుతుంది. కొలిమి ఎప్పుడూ నీడలోనే ఎందుకుంటుందని పిల్లలు అడుగుతారు. ఎండలో కాలిన ఇనుము ఎరుపు కంటికి సరిగ్గా ఆనదు.

గడ్డపార సంగతికొస్తే నేల చూడాలి. కోయిలకుంట్ల, జమ్మలమడుగు వైపు నల్లరేగడిలో మొన నిదానంగా అరుగుతుంది. మా ఎర్రగరుసులో పలుగురాళ్లు ఎక్కువ. రాళ్ల గట్టితనం చెప్పే మోస్ కొలతలో పలుగురాయిది 7, మెత్తని ఇనుముది 4. అందుకే ఇక్కడ గడ్డపార మొనను తరచూ కొట్టించక తప్పదు. బేతంచెర్ల బండల గనుల్లో పనిచేసేవాళ్లకు ఉలి విషయంలో ఇది మామూలే, ఎవరూ ప్రతిసారీ కొత్త ఉలి కొనరు. నిలువెల్లా ఉక్కు ఉన్న గడ్డపార పొడవు బాగా తగ్గేదాకా కొట్టించుకోవచ్చు. ఐదడుగులది నాలుగున్నరకు వచ్చిందంటే మాత్రం వంగి పొడవాలి, నడుము పోతుంది. అప్పుడు దాన్ని చిన్న గుంతలకు, చెట్ల పాదులకు వాడుకుని, పెద్ద పనికి కొత్తది కొనండి.

ఉక్కు పూర్తిగా అయిపోతే ఉక్కు వేయించడం ఒక దారి. కమాను ముక్కను కొలిమిలో అతికించే చేతులు ఇప్పుడు తగ్గిపోయాయి. ఎక్కువమంది కరెంటు వెల్డింగుతో అంటిస్తున్నారు. ముందు వేడి చేయకుండా అంటించి, వెంటనే నీళ్లు పోస్తే అతుకు పక్కనే ఉక్కు పెళుసుబారి విరుగుతుంది. ముందు బాగా కాచి అంటించి, బూడిదలో కప్పి నిదానంగా ఆరనివ్వమని చెప్పండి. ఇది కూడా నాకు ఇష్టమైన దారే, కానీ కూలీ కొత్తదాని ధరలో సగం దాటితే కొత్తదే తీసుకోండి.

బీటు వేసినదాన్ని మాత్రం కొట్టించొద్దు. గొడ్డలిలో కామ (కర్ర పిడి) దూరే బెజ్జం పక్కన చూడండి. కిరసనాయిలు పూసి, గుడ్డతో శుభ్రంగా తుడిచి, సుద్దపొడి చల్లితే బీటు ఉన్నచోట గీతలా తడి తేలుతుంది. అలాంటి గొడ్డలి పని మధ్యలో విరిగి ఎదుటివాడి మీద పడుతుంది. దాన్ని పాత ఇనుము కింద అమ్మేయండి.

కొత్తది కొనేటప్పుడు రంగు, చీటీ చూసి మోసపోవద్దు. నా అంగడిలోనైనా సరే, ఆకురాయి తెచ్చి మొన మీద లాగి చూడండి, నేను కాదనను. తక్కువ ధరకు వచ్చే గడ్డపారల్లో కొన్ని ఉత్త ఇనుప కడ్డీకి మొన తీసినవే. వాటికంటే మీ తాత వాడిన అరిగిన గడ్డపార నయం.

పార, కక్కుల కొడవలి గురించి పెద్దగా ఆలోచించక్కర్లేదు. పార రేకు అరిగితే కొత్తది వేసుకోండి, కామ బాగుంటే అదే పనికొస్తుంది. కొడవలి కక్కులు పోతే మళ్లీ కొట్టించే ఖర్చుకు కొత్తదే వస్తుంది. కక్కులు లేని మామూలు కొడవలికి మాత్రం సాన పట్టించుకోండి.

మీ ఊళ్లో కొలిమి మూతపడితే వారం సంతకు వచ్చే కమ్మరిని కనుక్కోండి. నాలుగైదు ఇళ్లవాళ్లు కలిసి పనిముట్లన్నీ ఒకేసారి తీసుకెళ్తే అతనికీ బొగ్గులు కలిసొస్తాయి. కొలిమి నుంచి తెచ్చిన గొడ్డలిని నేరుగా ఎండిన తుమ్మ మొద్దు మీద వేయకండి. ముందు పచ్చి వేపకొమ్మ మీద కొన్ని దెబ్బలు వేసి వాదర చూడండి. చిట్లితే పదును ఎక్కువైంది, మడత పడితే తక్కువైంది. ఏదైతే అది కమ్మరికి చెప్పండి. చిట్లినదాన్ని అరగదీసి కాస్త కాచి దించుతాడు, మడత పడినదాన్ని మళ్లీ కాల్చి నీళ్లలో ముంచుతాడు.