బరంపురంలో ఎన్‌డీఏ వేసవి పరిచయ శిబిరం: పంపే ముందు తల్లిదండ్రులు తెలుసుకోవలసినవి

సైన్యం, నౌకాదళం, వాయుసేనలకు కాబోయే అధికారులను తయారుచేసే నేషనల్ డిఫెన్స్ అకాడమీ (ఎన్‌డీఏ)లో చేరాలనుకునే పిల్లలకు అక్కడి జీవితాన్ని, ఎంపిక విధానాన్ని ముందుగా పరిచయం చేసే వారం రోజుల వసతి శిబిరానికి ఈ వేసవిలో మా అమ్మాయిని ఒడిశాలోని బరంపురం పంపించాము. పదవీ విరమణ చేసిన సైనికాధికారులు కొందరు కలిసి దీనిని నడుపుతున్నారు. ఇటువంటి శిబిరాలు ఇప్పుడు పలుచోట్ల పెడుతున్నారు కనుక సంస్థ పేరు కంటే వాటిలో ఏమి చూసుకోవాలన్నదే ముఖ్యమని భావించి పేరు రాయడం లేదు. ఈ శిబిరం సీటు తెచ్చిపెట్టదు. ఆ జీవితం తనకు సరిపడుతుందో లేదో పిల్ల తానే తేల్చుకోవడానికి మాత్రం ఇంతకంటే మంచి మార్గం మా ప్రాంతంలో నాకు కనబడలేదు.

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు ఉన్న తెలుగు కుటుంబాలకు సైన్యం కొత్త కాదు. ప్రతి ఊళ్లోనూ జవానుగా పనిచేసి వచ్చినవారు ఒకరో ఇద్దరో ఉంటారు. కాని అధికారిగా చేరే దారి ఎలా ఉంటుందో చెప్పగలవారు అరుదు. విజయనగరం దగ్గర కోరుకొండలో 1962 నుంచి సైనిక్ స్కూలు ఉన్నా, అందులో ప్రవేశం ఆరో తరగతిలోనూ తొమ్మిదో తరగతిలోనూ మాత్రమే. ఆ వయసు దాటిపోయిన పిల్లలకు పదో తరగతి తరువాత అకాడమీ అంటే ఫొటోలలో చూసిన యూనిఫామ్ తప్ప మరేమీ తెలియదు.

ఈ ఆలోచన అమెరికా నుంచి వచ్చిందని నిర్వాహకులే చెప్పారు. అక్కడ అన్నాపోలిస్‌లోని నౌకాదళ అకాడమీ సమ్మర్ సెమినార్ పేరుతోనూ, వెస్ట్ పాయింట్‌లోని సైనిక అకాడమీ సమ్మర్ లీడర్స్ ఎక్స్‌పీరియన్స్ పేరుతోనూ పదకొండో తరగతి ముగించిన విద్యార్థులను ఎంపిక చేసి, వేసవిలో సుమారు వారం రోజులు తమ ఆవరణలోనే ఉంచుకుంటాయి. కేడెట్లు ఉండే భవనాలలోనే బస, వారు చదివే గదులలోనే పాఠాలు, తెల్లవారుజామున వ్యాయామం ఉంటాయి. అక్కడికి వెళ్ళినంత మాత్రాన ప్రవేశం ఖాయం కాదు, వెళ్ళని వారికి తలుపు మూసుకుపోదు. మా పిన్ని మనవడు అన్నాపోలిస్ వెళ్ళి వచ్చి, ఓడలూ క్రమశిక్షణా తనకు నచ్చాయనీ, ప్రతి నిమిషమూ మరొకరి చేతిలో ఉండటం మాత్రం తాను భరించలేననీ చెప్పి ఇంజినీరింగ్ వైపు వెళ్ళాడు. ఆ వారం వృథా అయిందని వాళ్ళ ఇంట్లో ఎవరూ అనుకోలేదు, నేనూ అనుకోను. బరంపురం శిబిరానికి అకాడమీతో ఏ సంబంధమూ లేదు కనుక రెంటినీ ఒకే గాటన కట్టలేము. అయినా ఉద్దేశం ఒకటే.

శిబిరంలో అన్నిటికంటే బాగా నడిచినది మైదానంలో బృంద కార్యాల విభాగం. అకాడమీ రాతపరీక్ష గట్టెక్కినవారికి ఎస్‌ఎస్‌బీ, అంటే సర్వీసెస్ సెలక్షన్ బోర్డు, అయిదు రోజుల పాటు జరిపే పరీక్షలలో ఇది ఒకటి. పిల్లలను చిన్న బృందాలుగా చేసి, ఒక పలక, ఒక దుంగ, ఒక తాడు ఇచ్చి, నేలను తాకకుండా ఒక గీత నుంచి మరో గీతకు బరువుతో సహా దాటమంటారు. ఎర్ర రంగు పూసిన భాగాన్ని మనిషీ తాకకూడదు, పలకా తాకకూడదు. చివరి రోజు తల్లిదండ్రులను చూడనిచ్చారు. మా అమ్మాయి బృందంలో పొడవైన అబ్బాయిలు ఇద్దరు పలకను నేరుగా రెండో దిమ్మె మీదికి చేర్చాలని పదేపదే ప్రయత్నించారు. పలక జానెడు తక్కువైంది. దుంగను ముందుకు చాపి, వెనక కొసను ఇద్దరు తొక్కిపట్టి, దాని మీద పలక ఆనిస్తే సరిపోతుందని మా అమ్మాయి ఒకసారి మెల్లగా చెప్పి, ఎవరూ వినకపోయేసరికి ఊరుకుంది. సమయం అయిపోయాక శిక్షకుడు అందరినీ కూర్చోబెట్టి, ఆమె వైపు తిరిగి, "ఆలోచన నీదే సరైనదమ్మా, మరి రెండోసారి ఎందుకు చెప్పలేదు?" అని అడిగారు. తరువాత ఆ అబ్బాయిలను కూడా, వెనక నిలబడినవారు ఏమంటున్నారో ఒక్కసారైనా తిరిగి చూశారా అని అడిగారు. కోప్పడలేదు, ఎవరినీ పొగడలేదు. అదే కార్యం మళ్ళీ చేయించారు. ఈసారి ఆమె పలక చేతిలోకి తీసుకునే మాట్లాడింది. ఇటువంటి దిద్దుబాటు ఏ పుస్తకమూ చేయలేదు, నేను ఇచ్చిన ఫీజులో సగం దీనికే చెల్లిందనుకుంటాను.

మానసిక పరీక్షల నమూనాలు కూడా పద్ధతిగానే పెట్టారు. తెర మీద వరుసగా వచ్చే 60 మాటలలో ఒక్కొక్కదానికి 15 సెకన్లలో వాక్యం రాయాలి. మసకగా ఉన్న బొమ్మను 30 సెకన్లు చూసి 4 నిమిషాలలో కథ రాయాలి. అభ్యర్థిని మానసిక నిపుణుడు, ఇంటర్వ్యూ అధికారి, మైదానంలో గమనించే అధికారి ముగ్గురూ విడివిడిగా అంచనా వేస్తారనీ, మనసా వాచా కర్మణా మనిషి ఒకడేనా అన్నదే వారు చూసేదనీ ఒక విశ్రాంత కర్నల్ చెప్పిన తీరు నాకెంతో నచ్చింది. బట్టీ పట్టిన జవాబులు అక్కడ ఎందుకు నిలవవో పిల్లలకు ఆ ఒక్క మాటతో అర్థమైంది.

మా వైపు పిల్లలకు అసలు ఇబ్బంది భాష. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, శిక్షకులతో హిందీ, శిబిరంలో చేయించిన మూడు నిమిషాల ఉపన్యాసం మాత్రం ఇంగ్లీషులో. రాయగడ నుంచి వచ్చిన ఒక కుర్రవాడు విషయం తెలిసీ రెండో వాక్యం దగ్గర ఆగిపోవడం చూసి మనసు చివుక్కుమంది. ఎన్‌డీఏ రాతపరీక్ష ప్రశ్నలు ఇంగ్లీషు, హిందీలలోనే ఉంటాయి కనుక ఈ లోటును దాచిపెట్టి ప్రయోజనం లేదు. కాని శిబిరంలో దీనికోసం రోజూ ఒక గంటైనా కేటాయించవలసింది. కేటాయించలేదు.

తల్లిదండ్రుల సమావేశంలో చెప్పిన వివరాలు కచ్చితంగా ఉన్నాయి. పరీక్షను యూపీఎస్‌సీ ఏడాదికి రెండుసార్లు జరుపుతుంది. గణితానికి 300, సామాన్య సామర్థ్య పరీక్షకు 600, కలిపి 900 మార్కులు. ఎస్‌ఎస్‌బీకి మరో 900. వయసు పదహారున్నర నుంచి పంతొమ్మిదిన్నర మధ్య ఉండాలి. సైన్య విభాగానికి ప్లస్ టూలో ఏ గ్రూపైనా చాలు గాని, నౌకాదళానికీ వాయుసేనకూ గణితం, భౌతిక, రసాయన శాస్త్రాలు తప్పనిసరి. పదో తరగతి పూర్తయి గ్రూపు ఎంచుకునే పిల్లలకు ఈ ఒక్క సంగతి సమయానికి తెలియడం చాలా విలువైనది. పుణె దగ్గర ఖడక్‌వాస్లాలో మూడేళ్ళ శిక్షణకు తల్లిదండ్రులు చదువు ఖర్చు భరించనక్కరలేదు. ఆడపిల్లలకు ఈ దారి 2021లో సుప్రీంకోర్టు ఆదేశంతో తెరుచుకుంది. 2022లో మొదటిసారి 19 మంది చేరారు, వారిలో 17 మంది 2025 మే నెలలో శిక్షణ ముగించి బయటికి వచ్చారు. ఈ మాట విన్నప్పుడు వరుసలో కూర్చున్న అమ్మాయిల ముఖాలు చూడాలి.

వసతి శుభ్రంగా ఉంది. ఆడపిల్లల హాలులోనే వార్డెన్‌గారు రాత్రిళ్ళు పడుకున్నారు. అన్నం, దాల్మా, గుడ్డు వేళకు పెట్టారు. తెల్లవారుజాము పరుగుకు వంక పెట్టను. మే నెల ఎండలో సాయంత్రం నాలుగింటికే మళ్ళీ పరుగెత్తించడం మాత్రం తప్పు. ఇద్దరు పిల్లలు కళ్ళు తిరిగి పడిపోయాకే ఆ వేళ మార్చారు.

మరికొన్ని విషయాలలో మాట నిలబెట్టుకోలేదు. గోపాల్‌పూర్ దగ్గర ఉన్న ఆర్మీ ఎయిర్ డిఫెన్స్ కళాశాలను చూపిస్తామని కరపత్రంలో వేశారు. ముందుగా అనుమతి తీసుకోకపోవడంతో పిల్లలు గేటు చూసి, సముద్రపు ఒడ్డుకు వెళ్ళి వచ్చారు. ప్రతి పిల్లకూ విడిగా నివేదిక ఇస్తామన్నారు. మా అమ్మాయి నివేదికనూ పక్క ఊరి అమ్మాయి నివేదికనూ పక్కపక్కన పెడితే పేరు తప్ప వాక్యాలన్నీ ఒకటే. మైదానంలో అంత శ్రద్ధగా గమనించినవారు కాగితం మీద ఇంత నిర్లక్ష్యం చూపడం బాధ కలిగించింది. చివరి సాయంత్రం రెండేళ్ళ కోచింగ్‌కు అప్పటికప్పుడే డబ్బు కడితే రాయితీ అంటూ ఒత్తిడి చేయడం అన్నిటికంటే నచ్చలేదు. పరీక్ష దరఖాస్తు రుసుము 100 రూపాయలు, ఆడపిల్లలకు అదీ లేదు. శిబిరానికి మేము 9,000 రూపాయలు కట్టాము. ఈ తేడా గుర్తుంటే ఆ ఒత్తిడికి లొంగకుండా ఉండవచ్చు.

తొమ్మిదో తరగతి, పదో తరగతి ముగించిన పిల్లలకు ఈ శిబిరాన్ని సంకోచం లేకుండా సూచిస్తాను. ప్లస్ టూ రెండో ఏడాదిలో ఉండి కొద్ది నెలలలో పరీక్ష రాయబోయేవారు మాత్రం ఆ వారాన్ని గణితానికీ, యూపీఎస్‌సీ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరికే పాత ప్రశ్నపత్రాలకూ కేటాయించుకోవడం మేలు. మా అమ్మాయి గణితం గ్రూపే తీసుకుంది. అకాడమీకి దరఖాస్తు చేయాలా వద్దా అన్నది ఇంకా ఆలోచిస్తానంది, మేమూ తొందరపెట్టడం లేదు. వచ్చే వేసవికి పంపదలచినవారు డబ్బు కట్టే ముందు, కిందటి ఏడాది ఇచ్చిన నివేదికలలో పేర్లు తీసేసి రెండు చూపించమని అడగండి, సందర్శనలకు రాతపూర్వక అనుమతి ఉందో లేదో కనుక్కోండి, సాయంత్రం పరుగు ఎన్ని గంటలకో రాయించుకోండి.