మా యూనివర్సిటీ గ్రూప్ కౌన్సెలింగ్ ఎలా ఉందంటే

బెంగళూరులో చదివే మనవాళ్లు అడుగుతున్నారని రాస్తున్నా. ముందు ఆడిటోరియంలో పెట్టిన మెంటల్ హెల్త్ వర్క్‌షాప్ మాత్రం శుద్ధ దండగ, స్లైడ్లు తిప్పి "పాజిటివ్‌గా ఉండండి" అన్నారు, అటెండెన్స్ కోసం వచ్చినవాళ్లు వెనకాల రీల్స్ చూసుకున్నారు.

గ్రూప్ సెషన్ అలా కాదు. పదిమందిలోపే, కుర్చీలు గుండ్రంగా వేశారు. ఎవరి ప్రాణానికైనా ప్రమాదం అనిపిస్తే తప్ప ఇక్కడి మాట బయటికి పోకూడదని కౌన్సెలర్ మేడం మొదటే అందరిచేతా ఒప్పించారు, మాట్లాడమని బలవంతం కూడా లేదు. బ్యాక్‌లాగ్స్ టెన్షన్‌తో నిద్ర పట్టకపోయినా ఇంటినుంచి ఫోనొస్తే "బానే ఉన్నానమ్మా" అని పెట్టేస్తానని నేను అనగానే రెండు మూడు తలలు ఊగాయి. అప్పుడు కాస్త ఊపిరాడినట్టయింది. (ఇంతకంటే చెప్పను, మాటిచ్చాం కదా.)

లోపం ఏంటంటే అంతా ఇంగ్లీషే, మధ్యలో కన్నడ. కడుపులో బాధ ఇంగ్లీషులో చెప్పాలంటే సగం గొంతులోనే ఆగిపోతుంది. తెలుగులోనే మాట్లాడాలనుకుంటే టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చేయండి, 2022లో కేంద్ర ప్రభుత్వం పెట్టింది, ఉచితం, 24 గంటలూ ఉంటుంది. పరిస్థితి మరీ బాలేకపోతే గ్రూపుల కోసం ఆగకుండా హోసూర్ రోడ్డులోని నిమ్హాన్స్ మానసిక వైద్య ఆసుపత్రికి వెళ్లండి.

మా దగ్గర ఫీజేమీ లేదు, కాకపోతే ఇంటర్నల్స్ ముందు సీట్లు దొరకవు, పేరు ముందే రాయించుకోండి.