జాగ్రత్త: చౌక వీపీఎస్ కొన్నారా? ముందు ఓఎస్-రిలీజ్ ఫైల్ తెరిచి చూడండి

తక్కువకి వస్తోందని ఏడాది డబ్బు ఒకేసారి కట్టి వీపీఎస్ (పెద్ద సర్వర్‌లో అద్దెకిచ్చే ఒక భాగం) తీసుకునేవాళ్ల కోసం ఈ పోస్టు. కంపెనీ పేరు రాయడం లేదు. ఇలాంటి పని వాళ్లొక్కరే చేస్తారనీ అనుకోవడం లేదు.

ఆర్డర్ పేజీలో డెబియన్ 12 (ఒక లినక్స్ ఓఎస్) అని ఉంది. సర్వర్ చేతికి రాగానే ఎప్పటిలాగే ఆన్సిబుల్ (సర్వర్‌ని ఆటోమేటిగ్గా సెటప్ చేసే టూల్) ప్లేబుక్, అంటే చేయాల్సిన పనుల జాబితా, నడిపాను. ఎక్కడా ఎర్రర్‌ని చూపే ఎరుపు కనబడలేదు, చివర్లో ఫెయిల్డ్ సున్నా. తీరా బయటి మెషీన్ నుంచి ఎన్‌మ్యాప్ (తెరిచి ఉన్న పోర్టులు చూపే టూల్) కొడితే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ పోర్టు 5432 బార్లా తెరిచి ఉంది!

లాగ్ మొత్తం చదివితే యూఎఫ్‌డబ్ల్యూ (ఫైర్‌వాల్) టాస్కులన్నిటి కిందా ‘స్కిప్పింగ్’ అని ఉంది. ఓఎస్ ఫ్యామిలీ డెబియన్ అయితేనే నడవాలన్నది వాటికున్న షరతు. ఆన్సిబుల్ సెటప్ మాడ్యూల్‌తో ఆ ఫ్యాక్ట్ (సర్వర్ గురించి ఆన్సిబుల్ సేకరించే వివరం) తీసి చూస్తే అందులో హోస్టింగ్ వాళ్ల బ్రాండ్ పేరు ఉంది. సర్వర్లకి నకలు తీసే టెంప్లేట్ తయారుచేసినప్పుడే ఓఎస్-రిలీజ్ ఫైల్‌లో (సర్వర్‌లో ఏ ఓఎస్ ఉందో చెప్పే ఫైల్ అది) నేమ్, ఐడీ, అన్నీ తమ పేరుకి మార్చేసుకున్నారు. డెబియన్ అన్న మాటే మిగల్చలేదు. తెలియని పేరు ఎదురైతే ఆన్సిబుల్ ఎర్రర్ ఇవ్వదు, ఆ పేరునే ఫ్యామిలీగా రాసేసుకుంటుంది. సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేసే ప్యాకేజీ మేనేజర్‌ని మాత్రం ఏపీటీ (డెబియన్ వాడేది) ప్రోగ్రామ్ ఉందో లేదో చూసి విడిగా పసిగడుతుంది. అందుకే డేటాబేస్ చక్కగా ఇన్‌స్టాల్ అయింది, దానికి కాపలా ఉండాల్సిన ఫైర్‌వాల్ పడలేదు.

ఇంకా తవ్వితే, డెబియన్ వెర్షన్ ఫైల్‌లో 10.13 అని ఉంది. డెబియన్ 10కి ఎల్‌టీఎస్ (పొడిగించిన సెక్యూరిటీ సపోర్టు) కూడా 2024 జూన్ 30తో ముగిసిపోయింది. పాత సరుకు మీద కొత్త లేబుల్ అన్నమాట. సపోర్టుని అడిగితే "అది బ్రాండింగ్ కోసం సార్, పనికేమీ ఇబ్బంది ఉండదు" అన్నారు. రీఫండ్ ఏడాది ప్లాన్‌కి వర్తించదట.

కాబట్టి ముందు నెల ప్లాన్ తీసుకోండి. సొంత ఐఎస్‌ఓ (ఓఎస్ ఇన్‌స్టాల్ చేసే ఫైల్) ఎక్కించుకోనిస్తారా అని డబ్బు కట్టకముందే అడగండి. సర్వర్ వచ్చాక ఓఎస్-రిలీజ్, డెబియన్ వెర్షన్ ఫైళ్లు రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. ఓఎస్-రిలీజ్‌ని మీరే దిద్ది సరిపెట్టుకుందామనుకోవద్దు, లోపలున్నది డెబియన్ 10 అయితే డెబియన్ 12 రిపాజిటరీలు (సాఫ్ట్‌వేర్ తెచ్చుకునే చోట్లు) కలిపినప్పుడు లైబ్రరీలు తన్నుకుంటాయి. ఆన్సిబుల్ లాంటి పప్పెట్, చెఫ్ వాడేవాళ్లకీ ఈ తలనొప్పి తప్పదు, వాటికి సర్వర్ వివరాలు సేకరించే ఫ్యాక్టర్, ఓహై కూడా అదే ఫైల్ చదువుతాయి.

ప్లేబుక్‌లో మొట్టమొదట ఒక అసర్ట్ (షరతు సరిచూసే) టాస్క్ పెట్టుకోండి: ఫ్యామిలీ, వెర్షన్ మీరు అనుకున్నవి కాకపోతే అక్కడే ఆగిపోవాలి.